ఉప్పు చూడరాదు

మా శాఖ పేరు గృహ సామరస్య శాఖ. రాష్ట్రంలోని కుటుంబాలన్నీ కలిసిమెలిసి ఉండేలా చూడటం మా పని. ఆ పనిలో మేము ఎంత తలమునకలుగా ఉంటామంటే, మా సొంత కుటుంబాల మొహం చూసే తీరిక కూడా దొరకదు. నేను కొత్తరేవు జిల్లా కార్యాలయంలో పదహారేళ్ళుగా సీనియర్ అసిస్టెంటుని. పేరు తాతారావు. సామరస్యం గురించి నేను రాసిన ఫైళ్ళు ఒకదాని మీద ఒకటి పేరిస్తే మా ఇంటి అటకని అందుకుంటాయి. మా ఆవిడతో పడిన తగాదాలు పేర్చినా దాదాపు అంతే ఎత్తు ఉంటాయి.

ఇలా ఉండగా మా పై అధికారి ఒకాయన ఏదో సదస్సుకి వెళ్ళి, రాత్రి భోజనానికి కొత్త వంటకాలు కలిసి వండుకునే కుటుంబాల్లో కీచులాటలు తక్కువట అని ఎవరో అనగా విని వచ్చారు. ఆయన వినడం సోమవారం, సర్క్యులరు మంగళవారం, అమలు బుధవారం.

మా జిల్లా సామరస్యాధికారి చక్రధరరావు గారు దాన్ని నిలబడి చదివారు. సర్క్యులర్లు ఆయన ఎప్పుడూ నిలబడే చదువుతారు.

"విషయము: రాత్రి భోజనమున నూతన వంటకములు, కుటుంబ సమేతముగా ప్రయత్నించుట గురించి. తెలియజేయునది ఏమనగా, ఈ శాఖ ఉద్యోగులెల్లరు పది వారముల పాటు ప్రతి బుధవారము, తమ ఇంట మునుపెన్నడును వండని వంటకమొకటి సకుటుంబముగా వండి, సకుటుంబముగా భుజించి, పళ్ళెములు ఖాళీ చేయవలెను. వారమునకు పది మార్కులు. నూటికి అరువది రాని వారిలో సామరస్య లోపము గలదని భావించి, వారిని రాళ్ళగుంటకు బదిలీ చేయుట జరుగును."

రాళ్ళగుంట అనగానే హాల్లో దగ్గులు కూడా ఆగిపోయాయి. అది మాకు నాలుగు వందల కిలోమీటర్ల దూరం. అక్కడ మా శాఖకి ఒక కార్యాలయం ఉంది. అది ఎందుకుందో ఎవరికీ తెలీదుగానీ ఎవరికోసం ఉందో అందరికీ తెలుసు.

నా సంగతి చెప్పాలంటే, మా ఆవిడ సత్యవాణి ఊళ్ళో ఆడపిల్లల హైస్కూల్లో లెక్కల టీచరు. ఆవిడ ఉద్యోగం ఈ జిల్లా దాటదు. మా అమ్మాయి స్రవంతి ఎనిమిదో తరగతి. మా అమ్మ అచ్చాయమ్మ, తన వంటిల్లు వదిలి పక్కింటికి పేరంటానికి వెళ్ళినా పొయ్యి మీదే ధ్యాస ఉండే మనిషి. కాబట్టి నేను రాళ్ళగుంట వెళ్తే ఒక్కణ్ణే వెళ్ళాలి. ఆ రోజు ఇంటికి నడుస్తుంటే నిజంగానే భయం వేసింది.

కొత్త వంటకం అంటే ఏమిటో తేలాలంటే ముందు పాతవి తేలాలి కదా. అందుకని ప్రతి ఇంటి నుంచీ పాత వంటకాల జాబితా తీసుకోవడానికి నూకరాజుని వేశారు. నిన్నటిదాకా టపా విభాగంలో స్టాంపులు అంటించిన నూకరాజు, ఆ పూట నుంచి నవ్యతా పరిశీలకుడు. 

మా ఆఫీసులో నా పక్క సీటు బుల్లబ్బాయి గడుసువాడు. తన జాబితాలో "అన్నం, మజ్జిగ" అని రెండే రెండు రాసిచ్చాడు. ఇక పప్పు వండినా వాళ్ళింట్లో కొత్తే. నేనూ అలాగే రాసిద్దామని ఇంటికి వచ్చేసరికి, నూకరాజు అప్పటికే మా వంటింటి గడప మీద కూర్చుని ఉన్నాడు. మా అమ్మ చెబుతోంది, అతను రాస్తున్నాడు.

"కంద బచ్చలి కూర రాశావా? పనసపొట్టు ఆవ పెట్టినది వేరు, పెట్టనిది వేరు. రెండూ రాయి. ములక్కాడ చారు, చింతచిగురు పప్పు, దోసావకాయ..."

"అమ్మా, చాలు!" అన్నాను గుండెలు బాదుకున్నంత పని చేసి.

"చాలేంట్రా? ప్రభుత్వం వారు నీ పాత వంటలేంటమ్మా అని ఇంటికొచ్చి అడుగుతుంటే, నాకు రెండు కూరలే వచ్చని చెప్పమంటావా?"

"కాయితం అయిపోయిందండి మామ్మగారూ," అన్నాడు నూకరాజు.

"ఇంకో కాయితం తియ్యి బాబూ. ఇంకా పచ్చళ్ళలోకి రాలేదు."

రెండు వందల పన్నెండు వంటకాలు లెక్క తేలాయి. జిల్లా మొత్తం మీద పెద్ద జాబితా మాదే. మా అమ్మ దాని కింద వేలిముద్ర చాలదని, పూర్తి పేరుతో సంతకం పెట్టింది.

మొదటి బుధవారం మాత్రం, నిజం చెప్పొద్దూ, బ్రహ్మాండంగా గడిచింది. పుచ్చకాయ తిన్నాక పారేసే తెల్లటి చెక్కుతో పెసరపప్పు వేసి కూర చెయ్యొచ్చని స్రవంతి కనిపెట్టింది. నేను చెక్కు తీశాను. సత్యవాణి ముక్కలన్నీ ఒకే కొలతలో తరిగింది. మా అమ్మ పొయ్యి దగ్గర నిలబడి, "పశువుల మేత మనుషులకి పెడుతున్నార్రా" అంటూనే పోపు వేసింది. నలుగురం ఆ ఇరుకు వంటింట్లో ఒకరి కాళ్ళు ఒకరు తొక్కుకుంటూ ఎన్నాళ్ళకో నవ్వుకున్నాం. దించేముందు మా అమ్మ గరిటెతో కాస్త తీసి, "ఏదీ, చెయ్యి పట్టవే, ఉప్పు చూద్దువుగాని" అంది. స్రవంతి అరచేయి చాపింది, ఉఫ్ ఉఫ్ మని ఊదుకుని నాకేసింది.

"సూపర్ మామ్మా! సరిపోయింది."

సరిగ్గా అప్పుడే గుమ్మంలో నూకరాజు. అతని చూపు అమ్మాయి అరచేతి మీద పడింది.

"ఎంత పని జరిగిపోయిందండీ తాతారావు గారూ," అన్నాడు దిగులుగా. "పాప తినేసింది. ఒకసారి తిన్నాక అది తిన్న వంటకమే కదండీ. తిన్న వంటకం పాత వంటకం. ఇప్పుడు మీరు భోజనానికి కూర్చుంటే పాతది తింటున్నట్టు లెక్కండి."

"ఉప్పు చూసింది నూకరాజూ, తినలేదు."

"మింగింది కదండీ మరి?"

ఆ వారం మాకు సున్నా. మర్నాడు నేను చక్రధరరావు గారి దగ్గర మొర పెట్టుకున్నాను. ఆయన కళ్ళు మూసుకుని ఆలోచించారు.

"తాతారావ్, నవ్యత అనునది కన్యాత్వము వంటిది. కొంచెము పోయినది, కొంచెము మిగిలినది అనుటకు వీలులేదు. అయినను మీరు లేవనెత్తిన అంశము మౌలికమైనది. రాష్ట్రస్థాయిలో స్పష్టత కోరెదను."

కోరారు. స్పష్టత వచ్చింది. "ఉప్పు చూచుట భోజనములో అంతర్భాగమే అయినందున, నూతన వంటకమున ఎట్టి పరిస్థితులలోను ఉప్పు చూడరాదు." నోరు మూసుకోకుండా మొర పెట్టుకున్నందుకు కొత్తరేవు ఉద్యోగులందరూ నన్ను చూసిన చూపు నేను చెప్పలేను.

రెండో బుధవారం వంట సత్యవాణి చేతిలోకి వెళ్ళింది. ఆవిడ లెక్కల టీచరు కదా, కూర బరువు, నీళ్ళ కొలత, ఆవిరయ్యే శాతం కాగితం మీద వేసి, ఉప్పు గ్రాముల్లో తేల్చింది. మా అమ్మకి అది నచ్చలేదు.

"నేను పాతదాన్ని కదమ్మా. ఆ రెండొందల పన్నెండు కింద నన్నూ రాసేసుకోండి," అని వసారాలో కుర్చీ వేసుకుని కూర్చుంది.

లెక్క సరిగ్గానే వచ్చిందిగానీ కూర రాలేదు. ఆ రోజు జామకాయ పులుసు, ఉప్పు కషాయమే. మొదటి ముద్దకే స్రవంతి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నేను రాళ్ళగుంటని తలుచుకుని మింగాను. సత్యవాణి తన లెక్క మీద గౌరవంతో మింగింది. అయినా పళ్ళాలు ఖాళీ కాలేదని నూకరాజు నాలుగు మార్కులేశాడు. ఆ తర్వాతి బుధవారం అటుకుల బిరియానీ, అందులో అసలు ఉప్పే లేదు. మూడు మార్కులు. "నువ్వు దశాంశ బిందువు ఎక్కడ పెట్టావు?" అని నేను అడిగినందుకు ఇంట్లో రెండు రోజులు మాటల్లేవు.

ఒక్క మా ఇల్లే కాదు. బుధవారం వచ్చిందంటే జిల్లాలో మా ఉద్యోగుల నలభై మూడు ఇళ్ళలో గొడవలే. బుల్లబ్బాయి భార్య ఉప్పు రెండుసార్లు వేసిందని అతనూ, ఆ రెండోసారి వేసింది అతనేనని ఆవిడా, ఆవిడ పుట్టింటిదాకా పంచాయితీకి వెళ్ళారు. మంచినీళ్ళ వాడకం మూడింతలైంది. మా శాఖ దాన్ని కూడా వదల్లేదు. "కుటుంబములు కలిసి నీరు త్రాగు అలవాటు గణనీయముగా పెరిగినది" అని త్రైమాసిక నివేదికలో రాసుకుంది. ఆ వాక్యం డ్రాఫ్టు చేసింది నేనే.

ఫిర్యాదులు ఎక్కువయ్యేసరికి సవరణ వచ్చింది. ఉప్పు చూడకూడనిది ఇంటివాళ్ళు మాత్రమే, బయటివాళ్ళు చూడొచ్చు. కాబట్టి ఉప్పు చూసే అధికారం కూడా నూకరాజుకే దఖలు పరిచారు. ఒక్క నూకరాజు, ఒక్క నాలుక, నలభై మూడు కూరలు. ఆరో ఇంటికి అతని నాలుక మొద్దుబారింది. పదో ఇంట్లో కాకరకాయ తిని పాయసం బాగుందన్నాడట. మేము నాలుగో బుధవారం బొప్పాయి వేపుడు ముందు పెట్టుకుని ఎదురుచూస్తూ కూర్చున్నాం. కూర్చున్నచోటే స్రవంతి నిద్రపోయింది. నూకరాజు మర్నాడు పొద్దున్న పాలవాడితో పాటు వచ్చాడు. ఒక ముక్క నోట్లో వేసుకుని, "ఉప్పు చాలిందో లేదో గానీ నా ప్రాణం చాల్లేదండి" అన్నాడు. ఆ వేళకి గురువారం అయిపోయింది కాబట్టి, బుధవారం భోజనం జరగనట్టు లెక్క. సున్నా.

నాలుగు వారాలకి మాకు వచ్చినవి ఏడు మార్కులు. మిగిలినవి ఆరు వారాలు. సత్యవాణి వేళ్ళ మీద లెక్క వేసి, అటక మీద నుంచి నా పాత సూట్‌కేసు దించి దుమ్ము దులిపింది. అది చూసి మా అమ్మ వసారాలోంచి లేచింది.

"లేవండి, నేను వండుతాను."

"అమ్మా, రుచి చూడకూడదు. తెలుసుగా?"

"నాకు చెబుతున్నావా? మీ నాన్నగారింట్లో నలభయ్యేళ్ళు నైవేద్యం వండాను. దేవుడికి పెట్టకుండా నోట్లో వేసుకుంటే ఎంగిలి కాదూ? వాసన పట్టే వేసేదాన్ని ఉప్పు. ఒక్కనాడు ఎక్కువా లేదు, తక్కువా లేదు."

నాకు ఒళ్ళు మండింది. "మరి ఇన్నాళ్ళూ ఉప్పు చూడు, ఉప్పు చూడు అని పిల్ల చేతిలో వేసేదానివేం?"

"ఉప్పు తెలీక వేశాననుకున్నావా?" అంది మా అమ్మ. "అలా వేస్తానంటేనేరా అది చదువుకునే పుస్తకం అవతల పడేసి చెయ్యి చాపుకుంటూ వస్తుంది."

సత్యవాణి గరిటె ఆవిడ చేతికిచ్చింది.

అయిదో బుధవారం మా అమ్మ సగ్గుబియ్యం వంకాయ కూర కలిపింది. మూత తీసి, ఆవిరి మీద మొహం పెట్టి, ఒకసారి గట్టిగా పీల్చి, చిటికెడు ఉప్పు వేసి మూత పెట్టేసింది. అమృతం అంటే నమ్మండి. పళ్ళాలు వేలితో తుడిచి మరీ ఖాళీ చేశాం. నూకరాజు పది వేశాడు.

ఆ పదిని పైనుంచి ఆపేశారు. జిల్లాలో అందరికీ రెండూ మూడూ వస్తుంటే తాతారావు ఇంట్లో పది ఎలా వచ్చిందని విచారణ పెట్టారు. ఒక విశ్రాంత పండితుడు, ఒక గణాంకాధికారి, ఒక గోడౌను కీపరు కలిసి త్రిసభ్య సంఘం. మా అమ్మని పిలిచి వాసన ఎలా చూసిందో చూపించమన్నారు. చూపించింది. పండితుడు గారు గొంతు సవరించుకున్నారు.

"ఆఘ్రాణేన అర్ధభోజనమ్ అని ఆర్యోక్తి. వాసన చూచినంతనే సగము భోజనమైనట్లు. కావున పళ్ళెములో వడ్డించునాటికే ఈ వంటకము సగము తినబడినది."

"సగము అనగా యాభై శాతము," అన్నాడు గణాంకాధికారి.

"గోడౌనులోనైతే సగం వాడిన సరుకుని పాత సరుకే అంటామండి," అన్నాడు మూడోవాడు. కానీ మెజారిటీ నిర్ణయం ప్రకారం మాకు అయిదు మార్కులు మిగిలాయి.

అక్కడితో ఆగితే అది మా శాఖే కాదు. వాసన సగం భోజనమైతే, మా కూర వాసన పీల్చిన పక్కింటివాళ్ళు కూడా దాన్ని సగం తిన్నట్టే కదా. రేపు వాళ్ళు అదే వండుకుంటే అది సగం పాతది. అందుకని బుధవారం సాయంత్రం ఆరు నుంచి ఊళ్ళో ఉద్యోగులందరూ కిటికీలు మూసుకోవాలి. వంట చేసేటప్పుడు ఇంటిల్లిపాదీ ముక్కుల్లో దూది పెట్టుకోవాలి. దూది శాఖే ఇస్తుంది, మనిషికి రెండు ఉండలు. తీసుకున్నట్టు సంతకం పెట్టాలి.

సత్యవాణి మళ్ళీ లెక్క వేసింది. "పన్నెండు వచ్చాయి. ఇంకా అయిదు వారాలున్నాయి. అయిదింటికీ పదికి పది వస్తేనే అరవై రెండు. ఒక్క వారం ఎనిమిది వచ్చినా కష్టం, ఏడొస్తే పెట్టె సర్దుకోవడమేనండీ." ఈసారి ఆవిడ గొంతులో లెక్కల టీచరు లేదు. 

ఆరో బుధవారం. కిటికీలు మూసి, ముక్కుల్లో దూదితో నలుగురం పొయ్యి చుట్టూ నిలబడ్డాం. చెమటలు కారిపోతున్నాయి. ఆ రోజు చింతచిగురు నూడుల్సు. మా అమ్మ కళ్ళు మూసుకుంది.

"ఎవరూ బాట్లాడకండి," అంది దూదిలోంచి. గిన్నె వైపు చెవి వంచింది. అందులో రసం కుతకుతమంటోంది. "ఇంకా తేలిగ్గా ఉడుకుతోంది. ఉప్పు పడితే చప్పుడు బరువెక్కాలి." చిటికెడు వేసింది. విన్నది. ఇంకో అరచిటికెడు వేసింది. "ఆఁ. ఇప్పుడు దించండి."

పది మార్కులు. మళ్ళీ విచారణ. చెవితో వినడం భోజనంలో ఎన్నో వంతు అని పండితుడు గారు మూడు వారాలు తాళపత్రాలు తిరగేశారు. శ్రవణానికీ ఉప్పుకీ సంబంధం ఉన్నట్టు ఏ ఋషీ ఎక్కడా చెప్పలేదు. మా పదులు మాకు మిగిలాయి. పదో బుధవారం నూకరాజు చివరి పది వేసి, బయటికి వెళ్ళబోతూ వెనక్కి తిరిగి, "మామ్మగారూ, ఆ గిన్నెలో ఏవన్నా మిగిలిందాండీ?" అని అడిగాడు. మిగల్లేదు. అరవై రెండు మార్కులతో మేము గట్టెక్కాం. సత్యవాణి సూట్‌కేసు మళ్ళీ అటక ఎక్కించి, దాని ముందు పాత పరుపు చుట్టి అడ్డంగా పెట్టింది.

జిల్లాలో అరవై దాటింది మేము ఒక్కళ్ళమే. తక్కిన నలభై రెండు మందీ బదిలీ అయ్యారు. బుల్లబ్బాయి భార్యాపిల్లల్ని ఊళ్ళోనే వదిలి వెళ్తూ, "అన్నం, మజ్జిగా నన్ను కాపాడలేదురా" అని నా భుజం తట్టాడు. కార్యాలయం ఖాళీ అయింది. పని మాత్రం ఎక్కడా ఆగలేదు, ఎందుకంటే అంతకుముందూ లేదు.

ఉత్తమ సమరస కుటుంబానికి సన్మాన సభ పెట్టారు. నలభై రెండు ఖాళీ కుర్చీలు, ఒక నూకరాజు. మా నలుగురికీ ఒకటే శాలువా కలిపి కప్పారు, సామరస్యానికి గుర్తుగా. చక్రధరరావు గారు ఉపన్యసించారు.

"ఈ కుటుంబము ఒకే కప్పు కింద, ఒకే పళ్ళెము చుట్టు, ఏ విధముగా కలసి భుజించవలెనో రాష్ట్రమునకు దారి చూపినది. ఇట్టి ప్రతిభ ఈ ఇంటికే పరిమితము కారాదు. అన్ని జిల్లాల నుండి సామరస్య లోపమున్న ఉద్యోగులు నాలుగు వందల మంది ప్రస్తుతము ఒకేచోట కేంద్రీకృతమై యున్నారు. వారికి కుటుంబముతో కలసి భుజించు విధానమున శిక్షణ అత్యవసరము. కావున శ్రీ తాతారావును ప్రధాన నవ్యతా శిక్షకునిగా పదోన్నతిపై నియమించుచు, తక్షణమే రాళ్ళగుంటలో చేరవలసినదిగా ఆదేశించడమైనది."

నూకరాజు ఒక్కడే చప్పట్లు కొట్టబోయి, మా అమ్మ మొహం చూసి ఆపేశాడు. శాలువా కింద స్రవంతి నా చొక్కా గట్టిగా పట్టుకుంది.

రాళ్ళగుంట బస్టాండులో బుల్లబ్బాయే ఎదురొచ్చాడు. "నువ్వు ఫెయిలవ్వలేదు కదరా?" అన్నాడు ఆశ్చర్యంగా.

"ఫస్టు వచ్చాను."

"అయ్యో," అని నా సూట్‌కేసు అందుకున్నాడు.

ఇక్కడ నాలుగు వందల మందికి విడివిడి కప్పులతో నాలుగు వందల గదులు. ప్రతి గదిలోనూ ఒక స్టవ్వు, ఒక గిన్నె, ఒక పళ్ళెం. కుటుంబం అంటే ఎవరని నేను పైకి రాస్తే, "ఒకే కప్పు కింద నివసించువారు" అని జవాబొచ్చింది. ఆ లెక్కన ఇక్కడివి నాలుగు వందల ఏకసభ్య కుటుంబాలు. ఎవరికి వారే వండుకుంటారు, తింటారు. ఒక్కరు కూడా కలిసి తినకుండా మిగిలిపోవడం లేదు. కీచులాటలు అసలే లేవు. మొదటి నెలలోనే కుటుంబ భోజనాల్లో రాళ్ళగుంట రాష్ట్రంలో ప్రథమ స్థానంలో నిలిచింది. నివేదిక నేనే రాశాను.

నిన్న బుధవారం. శిక్షకుడు కూడా వండి తీరాలి. పదహారేళ్ళ సర్వీసులో నేను చెక్కు తియ్యడమే తప్ప పొయ్యి ముట్టుకోలేదు కాబట్టి, పప్పుచారు కూడా నాకు నూతన వంటకమే. పప్పు ఉడికించి, చింతపండు పిండి, స్టవ్వు మీద పెట్టి ఇంటికి ఫోన్ చేశాను. సత్యవాణి తీసి స్రవంతి చేతికిచ్చింది, స్రవంతి నుంచి మా అమ్మ చేతికి వెళ్ళింది ఫోను.

"గిన్నె దగ్గర పెట్టరా," అంది మా అమ్మ.

పెట్టాను. చారు కుతకుతమంటోంది. అటు వాళ్ళు ముగ్గురూ ఊపిరి బిగబట్టి ఉన్నారని నాకు తెలుస్తూనే ఉంది.

"అర చెంచా వెయ్యి." వేశాను. "ఇంకో చిటికెడు." వేశాను. "ఆఁ. ఇప్పుడు కాస్త అరచేతిలో వేసుకుని ఉప్పు చూడు."

"చూడకూడదమ్మా. రూలు నీకు తెలుసుగా. ముందు నేను చూస్తే అది ఎంగిలి కదా."

"ఎంగిలవడానికి అక్కడ ఇంకెవరున్నార్రా తినేవాళ్ళు?" అంది మా అమ్మ.

నేను అరచేయి చాపి, రెండో చేత్తో గరిటెతో కాస్త పోసుకున్నాను. చురుక్కుమంది. ఊదుకుని చూశాను. ఉప్పు సరిగ్గా సరిపోయింది. ఫోన్ పెట్టేశాక బుధవారం మార్కుల ఫారం తీసి, "ఉప్పు చూడలేదు" అన్న గడిలో టిక్కు పెట్టి సంతకం చేశాను.